మళ్ళీ మాస్టారు

మా మాస్టారు పోయారన్న సంగతి నాకు తెనాలి స్టేషన్లో తెలిసింది. చెప్పినాయన మా కాలేజీలోనే ఫిజిక్సు చెప్పేవాడు. బాపట్ల బండి దిగి, నన్ను చూసి, గొడుగు చంకలో పెట్టుకుని, "మీ మళ్ళీ మాస్టారు పోయార్టమ్మా, మొన్న, రేపల్లెలో," అన్నాడు. "అదేంటండి, ఈమధ్యేగా..." అన్నాను. ఈమధ్య ఏంటో నాకే తెలియదు. ఆయన రిటైరయ్యారు, నేను చూసి ఏడాది దాటింది. మనిషి పోయాడంటే ముందు నోట్లోంచి ఊడిపడే మాట అదే కాబోలు. ఏడుపు రాలేదు నాకు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎరిగిన మనిషి, ఆయన గొప్పవాడో పిరికివాడో నేను తేల్చుకోకముందే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే కోపం రాదూ?

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, నేను బి.ఎస్సీ.లో చేరేసరికే ఉంది. బాపట్లలో మాకు ఇనార్గానిక్ కెమిస్ట్రీ ఆయన చెప్పేవారు, లాబులో ప్రాక్టికల్సూ ఆయనే. ప్రాక్టికల్సంటే మరేం లేదు, పొట్లంలో ఇంత ఉప్పు కట్టి ఇస్తారు, అది ఏ ఉప్పో మనం కనిపెట్టాలి. కాల్చి చూడాలి, కరిగించి చూడాలి, వాసన చూడాలి, ఆ సీసాలోది ఓ చుక్క, ఈ సీసాలోది ఓ చుక్క వేసి రంగు చూడాలి. ఆడపిల్లలందరి ఓణీల మీదా యాసిడ్ చిల్లులు. బండెక్కితే మా దగ్గర కుళ్ళిన కోడిగుడ్ల వాసనొచ్చి పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

మొదటి రోజు నాకొచ్చింది క్లోరైడు. సిల్వర్ నైట్రేటు వెయ్యగానే విరిగిన పాలలాగా తెల్లగా పడింది. ఎగురుకుంటూ వెళ్ళాను.

"క్లోరైడండి."

"ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పారుగదండి పాఠంలో, తెల్లగా పడితే క్లోరైడని."

"నన్నెందుకు నమ్మావు?"

చేతిలోని టెస్ట్‌ట్యూబు ఎత్తి చూపించాను.

"మళ్ళీ చెయ్యి," అన్నారు.

మళ్ళీ చేశాను. మళ్ళీ తెల్లగానే పడింది. ఆ సంగతి భయంభయంగా చెబితే, ఆయన మొహం ఇంతైంది. "పడిందా! ఇప్పుడూ పడిందా! బావుంది, బావుంది," అంటూ పక్క బల్ల దగ్గరికెళ్ళిపోయారు. క్లోరైడుకి తెల్లగా పడక ఇంకేం పడుతుందండీ? ఆ సంబరమేంటో నాకర్థం కాలేదు.

తప్పు చెప్పినవాడిని మళ్ళీ చెయ్యమంటే సరే. ఒప్పు చెప్పినవాడికీ అదే మాటేంటి? నా పక్క పిల్ల పాపం, మళ్ళీ చెయ్యమన్నారంటే తప్పయ్యుంటుందని, రాసిన ఒప్పు కొట్టేసి తప్పు రాసుకొచ్చింది. అదీ చూసి ఆయన "మళ్ళీ చెయ్యి" అన్నారు. ఆ పిల్ల బావురుమంది. ఆయనకేమో ఎందుకేడుస్తోందో అర్థం కాలేదు. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. దాన్నిండా కూడా చిల్లులే.

ఏ సంగతీ "తెలుసు" అనేవారు కాదు. "ఇప్పటిదాకా అంతే" అనేవారు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయాండి అంటే, "ఇప్పటిదాకా అంతే." ఆయన ఇల్లు రేపల్లెలో. వారమంతా బాపట్లలో గది తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం తెనాలి వచ్చి రేపల్లె బండెక్కేవారు. మా ఇల్లు తెనాలే కాబట్టి అక్కడిదాకా నేనూ అదే బండి. ఎన్నేళ్ళు ఎక్కారో ఆ రేపల్లె బండి! అయినా పోర్టర్ని అడిగేవారు, ఎక్కాక ఎదురు సీటు వాళ్ళని అడిగేవారు, కిటికీలోంచి గార్డుని కేకేసి అడిగేవారు, "ఇది రేపల్లె బండేనా?" అని. ఓసారి ఖాళీ చేపలబుట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మకి విసుగెత్తింది. "కాదు బాబూ, కాశీ పోద్ది. కూకో, పుణ్యమొస్తది!" అంది. ఆయన పగలబడి నవ్వారు. నవ్వి, కూర్చుని, పక్కాయన్ని అడిగారు.

బి.ఎస్సీ. అయ్యాక అదే కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ఉప్పులు పొట్లాలు కట్టడం, పిల్లలు బల్లలు తగలబెట్టకుండా చూడటం నా పని. స్టాఫ్ రూములో కూర్చునే యోగ్యత వచ్చిందిగా, మాస్టారి గురించి తలో కథా విన్నాను. వాల్తేరు యూనివర్సిటీలో రీసెర్చి చేస్తూ మధ్యలో వదిలేసి వచ్చారని అందరికీ తెలుసు. ఎందుకొచ్చారో ఎవరికీ తెలియదు. గైడుతో పడలేదని ఒకరు. చేతకాలేదని ఒకరు. అసలు చెయ్యనేలేదు, చేశానని చెప్పుకుంటాడంతే అని మా ఫిజిక్సాయన. డాక్టరేటు ఉంటే ఈపాటికి డిపార్టుమెంటుకి హెడ్డయ్యేవాడని మాత్రం అందరూ ఏకకంఠంతో అనేవాళ్ళు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఓ శనివారం రేపల్లె బండి ఆలస్యమైతే, తెనాలి స్టేషను బల్ల మీద కూర్చున్నప్పుడు అడిగేశాను. "ఎందుకొచ్చేశారండీ వాల్తేరు నుంచి?"

ఆయన దాచలేదు. కోబాల్టుతో ఓ కొత్త పదార్థం చెయ్యబోయారట. అన్నీ కలిపి, కాచి, మూత పెట్టి చల్లార్చితే, అడుగున ఎర్రటి మడ్డి రావలసిన చోట ఓ రోజు వంకాయరంగులో మెరుస్తూ గింజలు కట్టాయి. స్ఫటికాలు. అంతకుముందు ఎవరూ చెయ్యనివి. గైడు వచ్చి చూసి భుజం తట్టాడు. మూడో రోజుకి ఆ గింజలు తేమ తగిలి పొడయిపోయాయి. పోతే పోయాయి, మళ్ళీ చేద్దామనుకున్నారు. రాలేదు. అలాగే కలిపారు, అలాగే కాచారు, రాలేదు. గైడు, "ఒకసారి వచ్చిందిగా, రాసెయ్," అన్నాడు. ఈయన ససేమిరా అన్నారు. ఒక్క ఏడాది పాఠాలు చెప్పుకుని మనసు కుదుటపడ్డాక వెళదామని బాపట్ల వచ్చారు.

"మరి వెళ్ళలేదేంటండి?"

"ఇక్కడ సిల్వర్ నైట్రేటు వేస్తే తెల్లగా పడిందమ్మా," అన్నారు. "నిన్న పడింది, ఇవాళ పడింది, నువ్వేస్తే పడింది, నీ పక్కపిల్ల వేస్తే పడింది. ఎంత హాయిగా ఉందో తెలుసా?"

తెలియదండి. నిజంగా తెలియదు. పాఠం చెప్పడం మీద ఇష్టంతో ఉండిపోయారా, రాని దాన్నుంచి పారిపోయొచ్చి, వచ్చేదాని నీడలో తలదాచుకున్నారా? ఆ మాటే అడుగుదామనుకునేలోగా బండొచ్చింది. అది రేపల్లె బండేనా అని ఆయన నన్నే అడిగారు.

వాళ్ళింటికి ఓసారి భోజనానికెళ్ళాను. మా నాన్న రేపల్లె దగ్గర మిషన్ స్కూల్లో పంతులుగా చేసినవాడే కాబట్టి నాకు ఆ ఊరు కొత్త కాదు. రైసుమిల్లుల వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు, ఊకదుమ్ము వచ్చి అరుగు మీద పడుతూ ఉండేది. మాస్టారి భార్యని నేను పిన్నిగారూ అనేదాన్ని. చెయ్యి చాలా మంచిది, నోరు మాత్రం కారం. గోంగూర వడ్డిస్తూ, "మీ మాస్టారు వాల్తేరులో వంకాయరంగు గింజలు చూశార్ట, చెప్పారా నీకూ? నాకు పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. ఇదిగో అవుతుంది, అదిగో అవుతుంది, డాక్టరుగారి భార్యవవుతావన్నారు. మా అన్నయ్యయితే మీ ఆయన చూసింది గింజలు కాదే, వంకాయే, అంటాడు," అంది. ఆయన తల వంచుకుని తింటున్నారు. ఆవిడ నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నవ్వు లేదు. పుట్టింటివాళ్ళ ముందు తలెత్తుకోలేకపోతున్నానన్న బాధ ఆవిడది. అబద్ధాలకోరుకిచ్చి చేశామని వాళ్ళన్నయ్య నలుగుర్లో అనేవాడట.

ఆ మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలకి ఎగ్జామినరుగా వచ్చింది ఎవరనుకున్నారు? వాల్తేరు నుంచి మాస్టారి పాత గైడే. పంచెకట్టు పెద్దాయన. ఎగ్జామినరొస్తే కాలేజీలో పెళ్ళివారి మర్యాదలు జరిగేవి ఆ రోజుల్లో. పూర్ణాలు, పులిహోర, పెద్ద అరిటాకులు. వడ్డన దగ్గర నేనూ ఉన్నాను కాబట్టి ఆ మాటలు నా చెవులతో విన్నాను.

"ఈ జూన్ ఆఖరుకి నేను రిటైరవుతున్నానోయ్. ఈ సెలవుల్లో ఉన్నది రాసి పట్టుకొచ్చెయ్. కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. నా తర్వాత నీ ఫైలు ముట్టుకునేవాడుండడు," అన్నాడు పెద్దాయన.

"ఒక్కసారే వచ్చింది, ఎందుకొచ్చిందో తెలియదు అని రాయొచ్చాండి?" అని అడిగారు మాస్టారు.

"అలా రాస్తే ఎవడిస్తాడయ్యా డిగ్రీ? అడగని ప్రశ్నకి జవాబు చెప్పకు. వచ్చింది అని రాయి. అబద్ధం కాదుగా."

"మళ్ళీ చేసి చూసి..."

"ఇంకా మళ్ళీయేనా?" అని పెద్దాయన నవ్వాడు.

అదే ఆఖరి అవకాశమని అందరికీ తెలిసిపోయింది. ఆ వేసవి సెలవుల్లో మాస్టారు రేపల్లె వెళ్ళలేదు, ఆదివారాలు కూడా. నేను తెనాలి నుంచి రోజూ వెళ్ళి సాయం చేసేదాన్ని. జీతమిచ్చి చెయ్యమన్నారా ఎవరైనా? లేదు. ఆ గింజలు ఉన్నాయో లేవో నా కళ్ళతో చూడాలి, అంతే. ఆదివారం ఆరాధన మానేస్తున్నానని మా అమ్మ ముందు తిట్టింది, తర్వాత ఏ పనో తెలియకుండానే ప్రార్థనలో "మా పిల్లా వాళ్ళ మాస్టారి పని" అని కలపడం మొదలెట్టింది.

ఏమేం చేశామో చెబితే నవ్వుతారు. సముద్రపు గాలి వల్లనేమోనని కిటికీలన్నీ మూసి ఉడికిపోయాం. కాదేమోనని అన్నీ తెరిచాం. వాల్తేరు లాబు చల్లగా ఉండేదని గోనెపట్టాలు తడిపి కట్టాం. బీకరు పక్కలు గాజుకడ్డీతో గీకితే గింజ కడుతుందంటారు. గీకి గీకి నాకు వేళ్ళు బొబ్బలెక్కాయి. రోజూ ఎర్రటి మడ్డే. ఆయన దాన్ని వంపేసి, బీకరు కడిగి, "మళ్ళీ," అనేవారు.

ఓ రోజు పొద్దున్న వెళ్ళేసరికి ఆయన బల్ల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఉయ్యాల్లో పసిపిల్లని చూస్తున్నట్టు చూస్తున్నారు. నేను వంగి చూశాను. అడుగున వంకాయరంగు గింజలు. నవనవలాడుతూ, అంచులు మెరుస్తూ, చారెడున్నాయి. కేక పెట్టాను. ఏడ్చాను కూడా. నా జన్మలో దేన్ని చూసీ అంత సంతోషపడలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఉన్నాయిగదమ్మా? నీకూ కనిపిస్తున్నాయిగా?" అన్నారు.

"ఉన్నాయండి! రేపల్లె కబురు పెట్టండి! పిన్నిగారికి చెప్పండి!"

"ఆగు. మళ్ళీ చేద్దాం," అన్నారు.

మళ్ళీ రాలేదు. మొదట వచ్చిన గింజల్లోంచే ఒకటి తీసి విత్తనంలా వేశాం. కరిగిపోయింది. మిగిలినవి మూడో రోజుకి తేమ తగిలి, బూడిదరంగు పొడయ్యాయి. సెలవులు అయిపోవస్తున్నాయి. వాల్తేరు వెళ్ళాలంటే రాయడం మొదలెట్టాలి. ఆయన కాగితం ముట్టుకోరు, బీకర్లు కడుగుతారు. ఓ మధ్యాహ్నం నాకు ఒళ్ళు మండిపోయింది.

"రెండుసార్లు వచ్చిందండి! అక్కడ ఆ పెద్దాయన చూశారు, ఇక్కడ నేను చూశాను. ఇంకేం కావాలండీ మీకు? రాసెయ్యండి!"

"ఎలా చెయ్యాలో రాయాలి కదమ్మా."

"చేసినట్టే రాయండి."

"చేసినట్టే చేస్తే రావట్లేదుగా." ఆయన స్టూలు మీద కూర్చున్నారు. "వాల్తేరు వెళ్ళిన కొత్తలో, ఎవరో అచ్చేసిన పద్ధతి ఒకటి చూసి నేనూ చేశాను. ఏడాది పాటు రాలేదు. ఆయనకొచ్చింది, నాకు రాలేదంటే నా చేతుల్లోనే ఏదో ఉందనుకున్నాను. అన్నం తింటుంటే నా చేతులు చూసి నాకే అసహ్యమేసేది. చచ్చిపోదామని కూడా అనుకున్నానమ్మా. తర్వాతెప్పుడో తెలిసింది, ఆయనకీ ఒక్కసారే వచ్చిందట. ఆ ముక్క రాయలేదు, అంతే. ఇప్పుడు నేనూ రాసేస్తే, ఎక్కడో ఓ కుర్రాడు అది చూసి మొదలెడతాడు. రాదు. వాడు తన చేతులకేసి చూసుకుంటాడు. వద్దు."

అది విన్న క్షణాన ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. బాపట్ల స్టేషనుకి నడిచి వచ్చేసరికి, ఇదంతా భయమేమో, ఏ మంచి సాకు దొరుకుతుందా అని చూస్తున్నారేమో అనిపించింది. తెనాలి వచ్చేసరికి మళ్ళీ దణ్ణం పెట్టాలనిపించింది. ఈ ఊగిసలాట నాకు నేటికీ పోలేదు.

చివరికి ఒక్కటే అడిగారు. "వచ్చిందని ఇంట్లో అనకమ్మా. తెలిస్తే మీ పిన్నిగారు రాయమంటుంది. ఆవిడ అడిగితే నేను కాదనలేను." సరేనన్నాను.

పెద్దాయన రిటైరయ్యాడు. మాస్టారి ఫైలు మూసుకుపోయింది. జూలైలో ఫైనలియర్ క్లాసులో మాస్టారు ఆ పద్ధతంతా బోర్డు మీద రాసి, కింద "రెండుసార్లు వచ్చింది. ఎందుకో తెలియదు" అని రాశారు. వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, ఇది పరీక్షకొస్తదా?" అన్నాడు. "రాదు," అన్నారు. క్లాసంతా పెన్నులు మూసేసింది. ఆయన మాత్రం హాయిగా ఉన్నట్టే కనిపించారు. ఉన్నారో లేదో దేవుడికే తెలియాలి.

తెనాలి స్టేషన్లో ఫిజిక్సాయన ఆ కబురు చెప్పిన మర్నాడే రేపల్లె వెళ్ళాను. అరుగు మీద నలుగురైదుగురు మగవాళ్ళున్నారు, పిన్నిగారి అన్నయ్య కూడా. ఆవిడ లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. తలుపు దగ్గరగా వెయ్యమంది.

"అమ్మాయ్, నువ్వు ఆయన దగ్గర పనిచేశావు. నీకు కెమిస్ట్రీ తెలుసు. ఒక్క మాట నిజం చెప్పు. ఆ గింజలు నిజంగా ఉండేవా? లేక నాకోసం అల్లుకున్న కథా? ఉన్నాయంటే సంతోషం, లేవన్నా నేనేమీ అనుకోను. మంచి మనిషి. చేతకాక చెప్పుకున్నా తప్పు లేదు. ఇన్నేళ్ళూ నేనలాగే సరిపెట్టుకున్నాను."

ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చింది. ఆయన లేరు. ఈవిడ ఎదురుగా ఉంది. రాయమంటుందన్న భయమూ ఇక లేదు. ఏది న్యాయమో తెలియలేదు, నోరు మాత్రం తెరుచుకుంది.

"ఉన్నాయండి. నేను చూశాను."

"నువ్వా? నువ్వెక్కడ చూశావు?"

"బాపట్లలోనండి. ఆ వేసవి సెలవుల్లో. పొద్దున్న వెళ్ళేసరికి బీకరు అడుగున ఉన్నాయి. చారెడు."

"ఆ వేసవిలో ఇంటికి రాకపోతే నేనే కబురు పెట్టించాను, ఏమైందని. గింజలు రాలేదు అన్నారు."

"తర్వాత రాలేదండి. బాపట్లలోనూ ఒకసారే వచ్చింది."

"వచ్చి కూడా రాసుకోలేదా?"

చెప్పాను. అచ్చు పద్ధతి చూసి ఏడాది పాటు తన చేతుల్ని అసహ్యించుకున్న సంగతి, ఎక్కడో ఓ కుర్రాడు రేపు తన చేతులకేసి చూసుకుంటాడన్న భయం, అంతా చెప్పాను. విని సంతోషిస్తుందనుకున్నాను నేను, పిచ్చిదాన్ని.

"ముక్కూ మొహం తెలియని కుర్రాడు," అంది. "ఇంకా పుట్టాడో లేదో. వాడు తప్పు తనదనుకుంటాడని ఇంత జాలి పడ్డారు. మరి నేనో? ఇన్నేళ్ళు మా వాళ్ళంటుంటే, నా జాతకం తప్పు, నా కాలి మహత్యం అనుకుని కుమిలానే! నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ గొంతు పెద్దదవడంతో తలుపు తీసుకుని అన్నయ్య వచ్చాడు. "ఏంటే, ఏమైంది? మళ్ళీ ఆ వంకాయ గొడవేనా? పోయినాయన్ని పట్టుకుని ఇప్పుడెందుకే..."

ఆవిడ చాప మీంచి లేచి నిలబడింది. నేనెప్పుడూ ఆవిడ్ని అంత నిటారుగా చూడలేదు.

"అన్నయ్యా, ఆయన చేశారు. రెండుసార్లు చేశారు. ఈ అమ్మాయి కళ్ళారా చూసింది. ఇక ఆయన్ని ఒక్క మాట అనడానికి వీల్లేదు, నువ్వు గానీ, అరుగు మీదవాళ్ళు గానీ," అంది. ఆయన తెల్లబోయి వెనక్కి తగ్గాడు. ఆవిడ కళ్ళు అప్పటికి నిండాయి. "నేనంటాను. నేనొక్కదాన్నే అంటాను."